చిన్నకోడలి చేతికి తాళాలు

ప్లగ్గు పీకడానికి ఇంకా యాభై ఎనిమిది నిమిషాలుంది. పీకడం ఎంతసేపు, చెయ్యి చాపితే అందుతుంది, చంటిపిల్లలైనా పీకగలరు, అసలు చంటిపిల్లలకు ప్లగ్గు కనిపిస్తే ఆగుతారా, కూతురు పాకే వయసులో ఇంట్లో కింద ఉన్న ప్రతి ప్లగ్గుకూ టేపు వేయాల్సి వచ్చింది, మరి అంత తేలిక పనికి పదిహేను రోజులుగా గుండెల్లో ఈ గుబులేమిటని తనను తానే కసురుకుంది ఆమె. స్వెటరు గుండీలు పెట్టుకుంది, విప్పుకుంది, మళ్ళీ పెట్టుకుంది. ఈ గదిలో యంత్రాలకు చలి కావాలి, మనుషుల సంగతి ఎవరికీ పట్టదు, అందుకే మండుటెండల్లో కూడా స్వెటరుతోనే తిరుగుతుంది, అందుకే అద్దం తలుపుకు అవతల హాల్లో కూర్చునే వాళ్ళంతా ఆమెకు స్వెటరమ్మ అని పేరు పెట్టారు, మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, ఆమె కూడా పలుకుతోంది. హాల్లో ఆరుగురు, ఆరు స్క్రీన్లు, ఆరు హెడ్‌ఫోన్లు. ఊళ్ళో ఎవరికి ఏ ఆపద వచ్చి అంబులెన్సు కోసం ఫోన్ చేసినా ఆ ఆరుగురిలో ఎవరో ఒకరు ఎత్తుతారు, వాళ్ళలోనే ఒకాయన బండ్లు పంపుతాడు. వాళ్ళు నొక్కే ప్రతి అక్షరమూ ఈ చలిగదిలోకి, ఈ ఇనుప చట్రంలో ఒకదాని కింద ఒకటి కూర్చున్న రెండు సర్వర్లలోకి వచ్చి పడుతుంది. ఆదివారం పగలు పదకొండుకూ పన్నెండుకూ మధ్య కాల్స్ తగ్గుతూ వస్తాయి, పన్నెండింటికి మేనేజరు గారు వస్తారు, ఆయన కళ్ళముందే ఆమె పైదాని ప్లగ్గు పీకాలి, కిందది పని అందుకోవాలి. యాభై ఆరు.

ఆ రెండిటికీ పెద్దకోడలు, చిన్నకోడలు అని పేరు పెట్టింది తను కాదు, తనకు ముందు ఈ కుర్చీలో కూర్చుని రిటైరైపోయిన పెద్దాయన. పాత సర్వర్లప్పటి నుంచీ అవే పేర్లు. తెల్ల టేపు మీద మార్కరుతో రాసి అంటించి, వెళ్ళే రోజున ఆమెను ఎదురుగా నిలబెట్టి పాఠం చెప్పాడు. ఇంటి తాళాలు పెద్దకోడలి బొడ్లో ఉంటాయమ్మా, వంటా వార్పూ అంతా ఆవిడదే, చిన్నకోడలు పక్కన నిలబడి ఆవిడ ఎంత ఉప్పు వేసిందో ఎంత కారం వేసిందో తన పుస్తకంలోకి ఎక్కించుకుంటూ ఉంటుంది, సెకనుకోసారి ఉన్నావా అని అడుగుతుంది, ఉన్నా అని పెద్దావిడ అంటుంది, వరసగా పదిసార్లు అడిగినా జవాబు రాలేదనుకో, పడిపోయిందని లెక్క, తాళాలు తీసుకుని గరిటె అందుకుంటుంది, తినేవాళ్ళకు గరిటె చెయ్యి మారిన సంగతే తెలియకూడదు. ఇంతకీ మీ ఇంట్లో తాళాలు ఎవరి దగ్గరున్నాయని అడిగాడు, మా అత్తగారు ఇంకా ఎవరికీ ఇవ్వలేదండీ అంది, ఆయన పగలబడి నవ్వాడు. నవ్వి, వేలు చూపించి చెప్పాడు. భయమల్లా ఒక్కటే, ఇద్దరూ నిక్షేపంలా ఉండి మధ్యలో మాట వినబడకపోవడం. అప్పుడు ఇద్దరూ రెండోది పోయిందనే అనుకుంటారు, ఇద్దరూ పొయ్యి వెలిగిస్తారు, సగం మందికి ఇక్కడ వడ్డన, సగం మందికి అక్కడ, ఎవరు ఎవరికేం పెట్టారో ఎవరికీ తెలియదు. అందుకని మాట వినబడే తీగ ఒకటి కాదు, రెండు వెయ్యాలి, రెండూ వేరే వేరే దారుల్లో పోవాలి. ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది, కింద రెండు గీతలు కూడా గీసింది.

రెండు గీతలు గీసిన మనిషే, కొత్త సర్వర్లు వచ్చినప్పుడు ఆ రెండు తీగలనూ ఒకే పెట్టెలో గుచ్చింది. మరేం కాదు, తీగ మూరెడు తక్కువైంది. మొదటి తీగను ఈ చట్రంలో ఉన్న స్విచ్చుకు కలిపింది, స్విచ్చంటే లైటు వేసేది కాదు, తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె, రెండో తీగను అవతలి చట్రంలో ఉన్న ఇంకో స్విచ్చుకు కలపాలి, లాగితే మూరెడు దూరంలో ఆగిపోయింది, బల్ల మీదికి ఎక్కి పైనుంచి లాగింది, నేల పలకలెత్తి కిందనుంచి లాగింది, మూరెడు మూరెడే. పొడుగు తీగ కావాలంటే స్టోర్సుకు కాగితం పెట్టాలి, దాని మీద ముగ్గురు సంతకాలు చేయాలి, స్టోర్సాయన సోమవారం దాకా సెలవు, ప్రస్తుతానికి ఇక్కడే ఉండనిద్దామని రెండో తీగను కూడా మొదటి పెట్టెలోనే గుచ్చేసింది. ప్రస్తుతానికి అన్న మాటంత దొంగమాట ఆఫీసుల్లో మరొకటి లేదు. ఎనిమిది నెలలు ఉండిపోయింది అట్లాగే, సోమవారాలు వచ్చాయి, పోయాయి, స్టోర్సాయన వచ్చాడు, రోజూ కనిపించేవాడు, కనిపించినప్పుడల్లా ఏదో గుర్తుకు రావాలి కదా అనిపించేది, ఏమిటో గుర్తొచ్చేది కాదు.

లేచి చట్రం వెనక్కి వెళ్ళి చూసింది, ఇప్పుడు ఉన్నది పొడుగు తీగే, నీలం రంగుది, నేల పలకల కింద నుంచి అవతలి చట్రంలోకి చక్కగా వెళ్తోంది, రెండూ వేరే దారులే, వంగి వేలితో తడిమి చూసుకుంది, నిన్న కూడా ఇట్లాగే తడిమింది, తడిమితే పొడుగు పెరుగుతుందా. నలభై ఎనిమిది. పద్నాలుగు నెలల క్రితం ఆ మధ్యాహ్నం కూడా ఈ గది ఇంతే చల్లగా, ఇదే హోరుతో ఉంది. మూడుంపావుకు, రెండు తీగలూ గుచ్చిన ఆ స్విచ్చు దానంతటది ఆగి, నిమిషంన్నరలో మళ్ళీ లేచింది. ఆ నిమిషంన్నర చాలింది. ఉన్నావా అంటే ఇద్దరికీ జవాబు రాలేదు, పెద్దకోడలు తాళాలు వదల్లేదు, చిన్నకోడలు మారు తాళాలు తీసుకుంది, ముగ్గురి స్క్రీన్లు పెద్దదాని వైపు, ముగ్గురివి చిన్నదాని వైపు, బండ్లు పంపే ఆయన స్క్రీను పెద్దదాని వైపే. స్క్రీన్లు ఆగిపోయినా బాగుండేది, ఆగితే అందరూ కాగితాలు తీసేవారు, కాగితం చేతికీ చేతికీ అందేది. ఆగలేదు. ఎప్పటిలాగే బుద్ధిగా వెలుగుతూ ఉన్నాయి, నొక్కినవన్నీ తీసుకున్నాయి, నమోదైంది అని పచ్చ అక్షరాలతో చెప్పాయి కూడా. ఒక ఇంటికి రెండు బండ్లు వెళ్ళాయి. ఒక ఇంటికి అసలు వెళ్ళలేదు. భోజనం చేసి లేవబోతూ ఒకాయన పక్కకి ఒరిగిపోయాడని ఆయన భార్య ఫోన్ చేసింది, ఇరవై ఐదు నిమిషాలు గుమ్మంలో నిలబడి మళ్ళీ చేసింది, రెండోసారి ఎత్తిన అమ్మాయి మీ ఇంటి పేరున ఏమీ లేదమ్మా, ఇప్పుడు రాసుకుంటున్నా అంది. మొత్తం నలభై ఒక్క నిమిషాలు. మొదటిసారి ఎత్తింది టీచరమ్మ.

టీచరమ్మ అని హాల్లో అందరికన్నా పెద్దావిడ, యాభై నాలుగేళ్ళు, పూర్వం ఒకటో తరగతి పిల్లలకు చెప్పేది, ఇప్పుడు ఫోన్లో ఏడ్చేవాళ్ళతో కూడా ఒకటో తరగతి పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది, నెమ్మదిగా చెప్పు నాన్నా, వీధి పేరు చెప్పు, ఆఁ, ఇప్పుడు ఇంటి గుర్తు చెప్పు అని, అవతల ఎంత కంగారులో ఉన్నవాళ్ళైనా ఆ గొంతుకు లొంగిపోతారు. రాసుకున్నాను సార్, నమోదు నొక్కాను సార్ అంది ఆవిడ మర్నాడు విచారణలో. ఎంట్రీ లేదు కదమ్మా అన్నారు మేనేజరు గారు. యంత్రంలో లేదు, ఎక్కడా లేదు, నొక్కితే ఉండాలి, లేదంటే నొక్కలేదు, ఇంతకన్నా తేలిక లెక్క ఏముంటుంది. ఆ గదిలోనే గోడవారగా నిలబడి ఉంది తను, చేతిలో ఫైలుతో. ఫైల్లో సాఫ్ట్‌వేరు లోపం, కంపెనీకి తెలియజేశాం అని రాసిన కాగితం ఉంది. లోపమట. రెండు పొయ్యిలూ మండుతున్నాయని తెలియగానే పరుగెత్తుకొచ్చి, రెండు పుస్తకాల్లో ఒక్కటే ఉంచాలి కాబట్టి పెద్దకోడలి పుస్తకం ఉంచి, చిన్నకోడలి పుస్తకం మీద అదే తిరగరాసేసింది తను. చిన్నదాన్ని ముందు పక్కన దాచుకోవాలి, ఒక్క ఆజ్ఞ, ఇరవై సెకన్ల పని, చెయ్యలేదు, బయట ఆరుగురూ అరుస్తున్నారు, చెయ్యలేదు. ఆ రాత్రి ఇంట్లో గిన్నెలు సర్దుతూ సర్దుతూ ఉండగా తట్టింది, టీచరమ్మ స్క్రీను చిన్నకోడలి వైపు కదా అని. గిన్నె చేతిలోంచి జారలేదు, ఏమీ కాలేదు, దాన్ని గూట్లో బోర్లించి, దీపం ఆర్పి పోయి పడుకుంది. మర్నాడు విచారణలో నోరు విప్పితే చాలు, విప్పలేదు, నీళ్ళు నమిలింది. టీచరమ్మకు మెమో ఇచ్చారు. అప్పటి నుంచి ఆవిడ ఎవరి పేరు నమోదు చేసినా పక్కసీటు వైపు తిరిగి, నొక్కాను, చూడు, అంటుంది. పక్కవాళ్ళు చూశాం చూశాం అని నవ్వుతారు. ఆ మాట అద్దం తలుపులోంచి రోజుకు ముప్పై నలభై సార్లు ఈ గదిలోకి వినిపిస్తుంది.

ముప్పై తొమ్మిది. కూర్చుంది, లేచింది, నీళ్ళ సీసా మూత తీసి తాగకుండానే పెట్టింది. మర్నాడు మెమో ఇచ్చాక చేసిన పని ఒక్కటే, సర్వర్లు ఎట్లా నడవాలో రాసి ఉండే ఫైలు తెరిచి ఆటోమేటిక్ అన్న మాట తీసేసి మాన్యువల్ అని పెట్టింది. అంటే పెద్దకోడలు పడిపోతే చిన్నకోడలు కదలదు, మనిషి వచ్చి తాళాలు చేతిలో పెట్టాలి. ఆ మనిషి తనే. పడిపోతే ఫోనుకు గంట వస్తుంది, ఎక్కడున్నా సరే ఫోనులోంచే మూడు ఆజ్ఞలు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఆ నాలుగు నిమిషాలూ స్క్రీన్లు ఆగితే ఆగనీ, కాగితాలు తీస్తారు, చీలిపోవడం మాత్రం ఉండదు. కొత్త తీగ వచ్చేదాకా అనుకుంది, అది కూడా ఒక ప్రస్తుతానికే. కొత్త తీగ రెండు వారాల్లో వచ్చింది, అవతలి పెట్టెకు కలిపేసింది, ఇక ఫైల్లో ఆ మాట మార్చడమే తరువాయి, మార్చలేకపోయింది. రేపు మారుద్దాం, జీతాల వారం అయ్యాక మారుద్దాం, వానలు తగ్గాక మారుద్దాం, పద్నాలుగు నెలలు. నెలకోసారి పరీక్ష చేయాలి, చేసింది, ఆజ్ఞతో మర్యాదగా ఇటు నుంచి అటు మార్చి, అటు నుంచి ఇటు మార్చి, కాగితం మీద జయం అని టిక్కు కొట్టింది, పద్నాలుగు టిక్కులు. పెద్దకోడలికి ముందే చెప్పి, కూర్చోబెట్టి, తాళాలు అడిగి తీసుకుంటే ఏ చిన్నకోడలైనా వంట చేస్తుంది. అత్తగారు భోజనాల దగ్గర ఆమె పళ్ళెం పక్కన ఫోను చూసి ఈ రెండోది ఎప్పుడు పుట్టింది, పేరేం పెట్టావ్ అనేది. గంట రెండే రెండుసార్లు వచ్చింది, ఒకటి తలంతా సబ్బు నురగతో ఉన్నప్పుడు, ఇంకొకటి బళ్ళో కూతురు చెట్టు వేషం వేసి స్టేజీ మీద కదలకుండా నిలబడి ఉన్నప్పుడు, అమ్మ చూస్తోందా లేదా అని ఆ చెట్టు కళ్ళు మాత్రం తిప్పుతూ ఉంటే తను వంగి బెంచీ కింద మూడు ఆజ్ఞలు కొట్టింది.

చెల్లెలికి పిల్ల పుట్టింది, అయిదు గంటల రైలు ప్రయాణం, దారిలో సొరంగాలు, సొరంగాల్లో ఫోను అందదు, వెళ్ళలేదు. పిల్లకిప్పుడు తొమ్మిది నెలలు, వీడియోలో చూస్తుంది, గుర్తుపట్టినట్టు నవ్వుతుంది కానీ అది అందరికీ నవ్వే పిల్లేనట. నువ్వు రాలేదని కోపం లేదక్కా, నువ్వు ఒక్కరోజు లేకపోతే అక్కడ ఏదో కొంప మునుగుతుందని నిజంగానే అనుకుంటున్నావు చూడు, అదే భయంగా ఉంది నాకు, అంది చెల్లెలు. మునుగుతుందే పిచ్చిదానా, నేనే అట్లా కట్టి పెట్టాను, అని చెప్పలేదు. ఇంకొకటి కూడా ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఈ గదిలో, ఈ హోరులో, తనకు తాను చెప్పుకోవచ్చు కాబట్టి చెప్పుకుంది, అది తనకు నచ్చింది. నచ్చింది, ఏం. మేనేజరు గారు నలుగురి ముందూ మీరుండగా మాకేం భయమండీ అంటే, ఒంట్లో ఎక్కడో వెచ్చగా ఉండేది, తప్పు చేసిన మనిషికి ఆ వెచ్చదనం ఎంత కావాలో తప్పు చేయనివాళ్ళకు తెలియదు. ఒకరోజు నిద్రపట్టక భర్తనడిగింది, లిఫ్టు తాడు తెగితే నిజంగా ఆగుతుందా అని. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పడుకునేటప్పుడు కూడా గోళ్ళ సందుల్లో గ్రీజు ఉంటుంది. ఆగాలి, అన్నాడు. ఎలా తెలుసు అంది. బరువు వేసి వదులుతాం, అన్నాడు, వదిలినప్పుడల్లా నా ప్రాణం కూడా దాంతో పాటు కిందికి పోతుంది, అయినా వదలకుండా కాగితం మీద సంతకం పెడితే రేపు అందులో ఎక్కేవాళ్ళ మొహం చూడలేను, అని అటు తిరిగి పడుకున్నాడు, గురక కూడా పెట్టాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. గురక పెట్టేవాడికి ఏం చెబుతాం.

ఇరవై ఎనిమిది. ఆజ్ఞలతో చేసిన పరీక్షలు చెల్లవు, యంత్రం నడుస్తుండగా ప్లగ్గు పీకి చూపించాలి అని తనిఖీ వాళ్ళ లేఖ వచ్చి పదిహేను రోజులైంది, పదిహేను రోజుల్లో ఏ రోజైనా మార్చి ఉండొచ్చు, మనిషి ఆఖరి గంట దాకా ఎందుకు ఆగుతుందో ఆ మనిషికే తెలియదు. కీబోర్డు దగ్గరకు లాక్కుంది. ఫైలు తెరిచింది, నూట పన్నెండో వరస, మాన్యువల్. చెరిపింది. ఆటోమేటిక్ అని కొట్టింది, అక్షరం అక్షరం చూసుకుంది, దాచింది. రెండు సర్వర్లూ ఆ మాట చదువుకున్నాయి, ఏ దీపమూ రంగు మారలేదు, పిడుగేమీ పడలేదు, ఇంత చిన్న పనికి పద్నాలుగు నెలలా అని నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అయితే ఫైలు పక్కన ఇవాళ్టి తేదీ పడింది, పదకొండూ ముప్పై నాలుగు. తనిఖీ వాళ్ళు తేదీలు చూస్తారు. ఫైలు తేదీని వెనక్కి జరపడం చేతకాని పనేం కాదు, ఒక్క వరస, ఆ వరస కూడా కొట్టింది, కొత్త సర్వర్లు పెట్టిన నాటి తేదీ వేసింది, ఎంటరు మీద వేలు పెట్టింది. నొక్కితే అయిపోయినట్టే. ఎప్పుడూ ఆటోమేటిక్‌గానే ఉంది, ఎప్పుడూ ఎవరూ ఏమీ ఆపలేదు, తీగ ఎప్పుడూ పొడుగే, ప్లగ్గు పీకుతుంది, చిన్నకోడలు అందుకుంటుంది, మేనేజరు గారు చెయ్యి కలుపుతారు. మరి అందుకోవడం సరిగ్గా జరగకపోతే. ఆ రోజులాగా ఎక్కడో ఏదో మూరెడు తక్కువై, తనకు కనబడని మూరెడు, ఇద్దరూ పొయ్యి వెలిగిస్తే. హాల్లో వాళ్ళకు ఏమని చెప్పి ఉంచారు, స్క్రీను ఆగితే కాగితం తియ్యండి అని. ఆగదు కదా. బాగానే ఉంటుంది కదా. పచ్చ అక్షరాలతో నమోదైంది అంటుంది కదా. వాళ్ళ కాగితాలు బల్లల మీద తెల్లగా అట్లాగే ఉంటాయి, ఏదో ఒక ఇంటి గుమ్మంలో ఎవరో నిలబడి ఉంటారు. ఆగకపోయినా రాయండి అని వెళ్ళి చెప్పాలి. చెబితే ఎందుకు అంటారు. టీచరమ్మ అయితే తప్పకుండా అంటుంది, ఒకటో తరగతికి చెప్పినావిడ, ఎందుకు అన్నదానికి జవాబు రాకపోతే వదలదు. కొట్టిన వరసను వెనక నుంచి ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది, చెరిపేటప్పుడు లెక్కపెట్టింది కూడా, లేచి స్వెటరు విప్పి కుర్చీకి తగిలించి, అద్దం తలుపు తోసింది.

హాలు వెచ్చగా ఉంది. టీచరమ్మ హెడ్‌ఫోను మెడలోకి జార్చుకుని కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"టీచరమ్మ గారూ, పన్నెండింటికి స్క్రీను ఆగితేనే కాగితం తియ్యమన్నారు కదా మీకు. ఆగకపోయినా తియ్యండి. ప్రతి కాల్ రాసి బండ్లు పంపే ఆయన చేతికివ్వండి, నేను వచ్చి సరే అనేదాకా."

"స్క్రీను బాగానే ఉంటే రాయడం ఎందుకమ్మాయ్?"

"బాగున్నట్టే కనిపిస్తుంది. లోపల రెండుగా చీలిపోతే మీరు రాసింది ఆయనకు కనపడదు."

"అట్లా కూడా అవుతుందా?"

"అయింది." బల్ల అంచు పట్టుకుంది. "ఆ రోజు అయింది. మీరు నొక్కారు టీచరమ్మ గారూ. మీ ఎంట్రీ రెండో సర్వర్లోకి వెళ్ళింది. తర్వాత నేనే దాన్ని చెరిపేశాను, చూసుకోకుండా. అసలు చీలడానికి కారణం కూడా నేను గుచ్చిన తీగే."

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఏదో అనబోయింది, అంతలో ఫోను దీపం వెలిగింది, హెడ్‌ఫోను పైకి లాక్కుని చెప్పమ్మా అంది, నెమ్మదిగా చెప్పు, వీధి పేరు, ఆఁ, మెట్ల మీదా, స్పృహలోనే ఉన్నారా, కదిలించొద్దు, బండి వస్తోంది. గొంతు ఎప్పటి గొంతే, వేళ్ళు ఎప్పటి వేళ్ళే. నమోదు నొక్కి అలవాటుగా పక్కకు తిరిగి, నొక్కా, అని ఆగిపోయింది. పక్కసీటు అమ్మాయి చూశాం చూశాం అనేసింది, ఆమెకేమీ తెలియదు. టీచరమ్మ తన కుడిచేతి వేలి వంక కాసేపు చూసుకుంది. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది అనుకుంది స్వెటరమ్మ, ఆవిడ ఆ వేలి వంక అట్లా చూడకుండా ఉంటే చాలనుకుంది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"ఆ రాత్రి నుంచి."

"మెమో నాకు మర్నాడు ఇచ్చారు."

"అవును."

టీచరమ్మ ఒక కాగితం తీసి, ఇప్పుడు వచ్చిన కాల్ తేదీ, వేళ, వీధి వేసి రాసి, లేచి వెళ్ళి బండ్లు పంపే ఆయన చేతికిచ్చి వచ్చింది. మిగతా వాళ్ళతో, ఇవాళ అన్నీ కాగితం మీద కూడా రాయండర్రా, నేను చెప్పేదాకా, అంది. వాళ్ళు ఎందుకని అడగలేదు. ఆవిడ కూర్చుని, స్క్రీను వైపే చూస్తూ, తగ్గు గొంతుతో మాట్లాడింది.

"నేను నొక్కలేదనే అనుకున్నానమ్మాయ్. మొదట గట్టిగా అన్నాను నొక్కానని. అందరూ లేదు లేదంటుంటే నాకే అనుమానం పట్టుకుంది. వయసైపోయింది, మతి పోతోంది అనుకున్నా. ఆ రోజు పడిపోయినాయన ఇంటికి వెళ్తుంటాను నేను, నెలకి మొదటి ఆదివారం. కుడిచెయ్యి లేవదు. మాట ముద్దగా వస్తుంది. మొదట్లో వాళ్ళావిడ తలుపు తియ్యలేదు. తర్వాత తీసింది. నా వల్లే అయింది, క్షమించండి అని కూర్చుని వస్తా."

ఆయన ఏమయ్యాడని పద్నాలుగు నెలల్లో తను ఒక్కసారి అడగలేదు, అడిగితే తెలిసిపోతుందని.

"ఇవాళ మొదటి ఆదివారమే," అంది టీచరమ్మ. "రెండింటికి దిగుతా నేను. ముందు పోయి ఆ ప్లగ్గేదో పీకు."

మేనేజరు గారు పన్నెండుకు ముందే, నవ్వుమొహంతో, తనిఖీ కాగితం అట్టకు పెట్టుకుని వచ్చారు. ఏమండీ, అంతా సిద్ధమేగా, మీరుండగా మాకేం, అంటున్న ఆయన్ని మధ్యలో ఆపింది. ఆటోమేటిక్ పద్నాలుగు నెలలుగా ఆగి ఉందని, ఆపింది తనేనని, అరగంట క్రితమే పెట్టానని, ఆ రోజు టీచరమ్మ నమోదు చేసిందని, మెమో తప్పని, ఆగకుండా చెప్పేసింది, ఆగితే మళ్ళీ మొదలుపెట్టగలనన్న నమ్మకం లేదు. ఆయన నవ్వు మొహం మీద అలాగే కాసేపు ఉండిపోయి తర్వాత పోయింది. అద్దంలోంచి టీచరమ్మ వీపు కనిపిస్తోంది, ఆయన అటు చూశారు, కాగితం వైపు చూశారు.

"అయితే ఇవాళ ఆపేద్దామా?" అన్నారు.

"వద్దండి. కాగితాలు రాస్తున్నారు, ఎవరికీ ఏం కాదు. ఇవాళ పీకకపోతే నేను ఇంకెప్పటికీ పీకలేను."

పీకింది. వెనక రెండు ప్లగ్గులుంటాయి, రెండూ ఒకేసారి, రెండు చేతులతో. పెద్దకోడలి పంకాల హోరు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది, దీపాలు ఆరిపోయాయి. ఒకటి, రెండు, మూడు, లెక్కపెడుతూనే చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది, ఆ చెయ్యి కీబోర్డు వైపు దానంతటదే పోతోంది, మూడు ఆజ్ఞలు వేళ్ళలో ఉన్నాయి, ఏడు, ఎనిమిది, ఉన్నావా అని అడుగుతోంది చిన్నది, జవాబు లేదు, మళ్ళీ అడుగుతోంది, పది, పదకొండు, అందుకోవే తల్లీ, పన్నెండు, పదమూడు. కింది సర్వరు ముందు దీపం పసుపు నుంచి పచ్చకు మారింది, పంకాలు ఒక్కసారి గట్టిగా తిరిగి సర్దుకున్నాయి. ఆరు స్క్రీన్లూ ఒకే వైపు వచ్చాయి, ఆరిటికీ ఒకే పుస్తకం, వరస వరసా చూసింది, మెట్ల మీద పడినావిడ పేరు అందులో ఉంది, పరీక్ష మధ్యలో వచ్చిన ఇంకో కాల్ కూడా ఉంది. అద్దం అవతల ఎవరూ తలెత్తలేదు. ఎవరికీ తెలియలేదు, తెలియకూడదు కూడా. చెయ్యడానికి ఆమెకు ఏ పనీ మిగల్లేదు. ఊపిరి పీల్చుకుంది, దాంతో పాటు ఒక్క క్షణం, చిన్నగా, ఈ గదిలోంచి తనను ఎవరో మర్యాదగా బయటికి పంపినట్టు చిన్నతనమూ అనిపించింది. హాల్లోకి వెళ్ళి సరే అని చెప్పి వచ్చింది. కాగితం మీద జయం అన్నచోట టిక్కు కొట్టి, కింద ఖాళీలో మేనేజరు గారికి చెప్పిందంతా తేదీలతో రాసి సంతకం చేసింది. ఆయన చదివి, రేపు పది గంటలకు నా గదికి రండి, ఆవిణ్ణి కూడా తీసుకురండి, అని మాత్రం అన్నారు.

ఆ ఇల్లు రెండో అంతస్తులో ఉంది. బస్సు దిగేటప్పుడు టీచరమ్మ పళ్ళసంచీ ఆమె చేతికిచ్చింది. ఆకుపచ్చ తలుపు, గుమ్మం పక్కన ఒక చేతికర్ర, రెండు జతల చెప్పులు. నలభై ఒక్క నిమిషాల్లో ఇరవై ఐదు ఈ గుమ్మంలోనే నిలబడిందన్నమాట ఆయన భార్య, ఇక్కణ్ణుంచి చూస్తే వీధి మలుపు దాకా కనిపిస్తోంది, ప్రతి బండీ కనిపిస్తుంది. టీచరమ్మ బెల్లు నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి, మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, అడుగు, ఈడ్చిన అడుగు, అడుగు, ఈడ్చిన అడుగు, చాలాసేపు పట్టింది. ఎవరు, అంది లోపల నుంచి ముద్దగా ఒక గొంతు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. టీచరమ్మ నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆమె సంచీని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, మీరు నన్ను ఎప్పుడూ చూడలేదండీ, అని మొదలుపెట్టింది.